మౌగ్లీ ఎక్కణ్ణుంచి వచ్చాడు? జంగిల్ బుక్ వెనకున్న అసలు సంగతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవుల్లో మా కాలనీ పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చదివి వినిపించడం నాకు అలవాటు. జంగిల్ బుక్ తీసిన రోజున మాత్రం కథ ముందుకి కదలదు. "ఇది నిజంగా జరిగిందా?" అని ఒకడు మొదలుపెడతాడు. వాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళ నాన్న ఫోన్ తీసి ఒక పాత ఫొటో చూపించి, "ఇదిగో, అసలు మౌగ్లీ ఇతనే" అంటాడు. ఏటా వచ్చే ప్రశ్నలూ, నాకు తెలిసిన జవాబులూ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మౌగ్లీ నిజంగా ఉన్నాడా?

లేడు. తోడేళ్ళ మధ్య పెరిగే మౌగ్లీ ఫలానా పిల్లవాణ్ణి చూసి రాసిన పాత్ర కాదు. జంగిల్ బుక్ రాసిన రడ్యార్డ్ కిప్లింగ్ తన జ్ఞాపకాల పుస్తకంలో మౌగ్లీ ఎలా పుట్టాడో చెప్పుకున్నాడు. అందులో నిజంగా దొరికిన ఏ తోడేలు పిల్లవాడి ఊసూ లేదు. ఉన్నవి మూడు: అంతకుముందు తనే రాసిన ఒక అటవీశాఖ కథ, చిన్నప్పుడు పత్రికలో చదివిన ఒక సింహాల కథ, స్నేహితుడి నవలలో కంటపడ్డ ఒక్క వాక్యం. వీటి సంగతి కింద వస్తుంది.

అయితే తోడేళ్ళు పెంచిన పిల్లల కథలు అప్పటి ఉత్తర భారతంలో ఊరూరా ఉండేవి. ఇంగ్లిష్ అధికారులు రాసిపెట్టారు, పత్రికలు వేశాయి. ఇరవైల్లోకి రాకముందే లాహోర్ పత్రికలో పనికి కుదిరిన కిప్లింగ్ చెవిన అవి పడకుండా ఉండవు. వాళ్ళ నాన్న లాక్‌వుడ్ కిప్లింగ్ 1891లో మన దేశపు జంతువుల మీదా మనుషుల మీదా వేసిన పుస్తకంలో కూడా ఈ తోడేలు పిల్లల ప్రస్తావన ఉంది. కథకి నేల అది. విత్తనం వేరు.

మరి వాట్సాప్‌లో తిరిగే ఆ ఫొటో ఎవరిది?

దీనా సనీచర్ అనే అతనిది. 1867లో బులంద్‌షహర్ ప్రాంతపు అడవిలో వేటగాళ్ళకి ఒక గుహలో దొరికాడు. ఆరేళ్ళ పిల్లవాడని అంచనా. ఆగ్రా దగ్గర సికంద్రాలో క్రైస్తవ మిషన్ వాళ్ళు నడిపే అనాథాశ్రమంలో చేర్చారు. శనివారం చేరాడు కాబట్టి సనీచర్ అని పేరు పెట్టారు. నిలబడి నడవడం నేర్చుకున్నాడు, బట్టలు కట్టుకోవడం నేర్చుకున్నాడు, మాట మాత్రం రాలేదు. పొగ తాగడం బాగా అలవాటైంది. క్షయతో 1895లో పోయాడు.

"కిప్లింగ్ ఇతన్ని చూసే రాశాడు" అని వీడియోలు చేసేవాళ్ళెవరూ దానికి ఆధారం చూపించరు. సనీచర్ దొరికినప్పుడు కిప్లింగ్‌కి నిండా రెండేళ్ళు లేవు, బొంబాయిలో ఆయా చంకలో ఉన్నాడు. పెద్దయ్యాక సనీచర్ గురించి చదివే అవకాశం ఉంది, అంతవరకే. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు చిరాకు వేసేది ఇంకో కారణానికి. ఆ మనిషి ఇరవై ఏళ్ళకి పైగా ఆ ఆశ్రమంలో మనుషుల మధ్యే బతికాడు. అతనిలాంటి ఇంకో పిల్లవాడు వస్తే వాడికి కప్పుతో నీళ్ళు తాగడం ఇతనే నేర్పాడని కూడా చెప్తారు. మనకి మాత్రం ఆ ఫొటో కింద ఒక ఆశ్చర్యార్థకం చాలు.

సనీచర్ కంటే ముందు ఇలాంటివి ఎవరైనా రాశారా?

రాశారు. దారిదోపిడీ చేసే ఠగ్గుల్ని అణచినవాడిగా చరిత్ర పుస్తకాల్లో కనిపించే విలియం స్లీమన్ రాశాడు. అవధ్ రాజ్యంలో రెసిడెంటుగా, అంటే ఇంగ్లిష్ వాళ్ళ ప్రతినిధిగా ఉన్నప్పుడు, తోడేళ్ళ మధ్య దొరికారని జనం చెప్పిన పిల్లల వివరాలు సేకరించాడు. అవి 1852లో చిన్న పుస్తకంగా ఇంగ్లండ్‌లో అచ్చయ్యాయి.

అందులో సుల్తాన్‌పూర్ వైపు గోమతి ఒడ్డున పట్టుకున్న ఒక పిల్లవాడి సంగతి ఉంది. ఆడ తోడేలు వెంట, దాని పిల్లలతో పాటు నీళ్ళకి పోతుంటే ఒక సిపాయి చూశాడట. వీడూ నాలుగు కాళ్ళ మీదే, వాటితో సమానంగా పరుగెత్తాడట. ఊరివాళ్ళు బొరియ తవ్వి పట్టుకున్నారు. పచ్చి మాంసం తినేవాడు, గుడ్డ కప్పితే చింపేసేవాడు, మనుషులు దగ్గరికొస్తే జడుసుకునేవాడు. ఒక కెప్టెన్ గారి దగ్గర ఉంచారు. నవ్విందీ లేదు, మాట్లాడిందీ లేదు. 1850 ఆగస్టులో చనిపోయే ముందు మాత్రం రెండు చేతులూ తల మీద పెట్టుకుని, నొప్పిగా ఉందని చెప్పి, నీళ్ళు అడిగాడట. తాగి, పోయాడు.

ఇది పిల్లలకి నేను చదివి వినిపించను. కానీ మౌగ్లీ అంటే నవ్వుకుంటూ కొమ్మలు పట్టుకుని ఊగే కుర్రాడని అనుకునే పెద్దవాళ్ళకి ఈ ఒక్క పేరా చాలు. కిప్లింగ్ ఈ కథలన్నిటినీ తిరగేశాడు. అసలు పిల్లలు మాట రానివాళ్ళు. మౌగ్లీకి మనుషుల భాషే కాదు, అడవిలో ప్రతి జాతి భాషా వచ్చు. అసలు పిల్లలు నిలబడలేరు. మౌగ్లీ కళ్ళలోకి తోడేళ్ళే సూటిగా చూడలేవు.

అమల, కమల?

బీఈడీ సైకాలజీ చదివినవాళ్ళు తప్పకుండా అడుగుతారు. మిదనాపూర్ దగ్గర 1920లో ఒక పాస్టరు గారికి దొరికారని చెప్పే ఇద్దరు ఆడపిల్లలు వీళ్ళు. జంగిల్ బుక్ వచ్చింది 1894లో. కాబట్టి మౌగ్లీకి వీళ్ళు మూలం అయ్యే ప్రసక్తే లేదు. పైగా ఆ పాస్టరు గారి డైరీని తర్వాతి పరిశోధకులు గట్టిగా అనుమానించారు, కల్పన అనే తేల్చినవాళ్ళూ ఉన్నారు. గైడ్లలో మాత్రం ఇప్పటికీ నిజం కిందే నడుస్తోంది.

అసలు తోడేలు మనిషి పిల్లని పెంచగలదా?

నాకు నమ్మకం లేదు. తోడేలు పిల్లలు రెండు నెలలకల్లా పాలు మానేసి, తల్లి కక్కిన మాంసానికి అలవాటు పడతాయి. మన పిల్లలు ఆ వయసుకి మెడ కూడా నిలపలేరు. అవధ్ ప్రాంతంలో తోడేళ్ళు పసిపిల్లల్ని ఎత్తుకుపోవడం మాత్రం నిజం, చంపినవాళ్ళకి సర్కారు బహుమానాలిచ్చేది. ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల్ని ఎవరో అడవిలో వదిలేస్తే, వాళ్ళు దొరికినప్పుడు, "మన బిడ్డని ఎత్తుకుపోయిన తోడేలే పెంచింది" అని ఊరు అనుకుని ఉంటుందని చాలామంది వైద్యుల అభిప్రాయం. బిడ్డని పోగొట్టుకున్న తల్లికి ఆ కథ ఎంత కావాలో ఊహించుకోవచ్చు. జంగిల్ బుక్‌లో మౌగ్లీని చేరదీసిన ఊరావిడ మెస్సువా కూడా అంతే. పులి ఎత్తుకుపోయిన తన నాథూయేనేమో అని మౌగ్లీని తడిమి చూసుకుంటుంది.

కిప్లింగ్ ఈ పుస్తకం అడవిలో కూర్చుని రాశాడా?

మంచులో కూర్చుని రాశాడు! పిల్లలు ఎక్కువ నోరు తెరిచేది ఇక్కడే.

1892లో పెళ్ళి చేసుకుని, భార్య కారొలైన్ సొంత ప్రాంతమైన అమెరికాలోని వెర్మాంట్ వెళ్ళాడు. బ్రాటిల్‌బరో అనే ఊరి దగ్గర నెలకి పది డాలర్ల అద్దెకి చిన్న ఇల్లు తీసుకున్నారు. ఆయన రాసుకునే గది ఏడడుగులు ఇంటూ ఎనిమిదడుగులు. మన అపార్ట్‌మెంట్లలో స్టోర్ రూమ్ అంత. డిసెంబరు నుంచి ఏప్రిల్‌దాకా కిటికీ గడపకి సమంగా మంచు పేరుకుని ఉండేది. ఆ శీతాకాలం, తొలి కాన్పు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో అందరూ ఉగ్గబట్టుకుని ఉన్న రోజుల్లో, ఆ గదిలో మౌగ్లీ మొదలయ్యాడు.

తోడేళ్ళ దగ్గర పెరిగిన ఒక యువకుడి గురించి ఆయన అప్పటికే ఒక అటవీశాఖ కథ రాసి ఉన్నాడు. దానికి చిన్నప్పుడు చదివిన సింహాల కథ తోడైంది. అందులో సింహాలన్నీ ఒక రహస్య సంఘం. ఒక వేటగాణ్ణి తమలో చేర్చుకుని దుర్మార్గపు కోతుల మీదికి పోతాయి. జంగిల్ బుక్‌లోని కోతుల గుంపు, బందర్‌లోగ్, గుర్తొస్తోందా? ఇక మూడోది, స్నేహితుడు రైడర్ హాగర్డ్ ఆఫ్రికా నేపథ్యంగా రాసిన నవల. బండ మీద కూర్చుని ఉన్న శవం పాదాల కోసం తోడేళ్ళు ఎగిరెగిరి పడే దృశ్యం అందులో ఉంది. నా తోడేళ్ళ కథలకి ఊహ ఆ పేజీలోనే ఎక్కడో తగిలిందని 1895లో హాగర్డ్‌కే ఉత్తరం రాశాడు.

ఆ తర్వాత కలం తనంతట తనే రాసుకుపోయిందనీ, తాను చూస్తూ కూర్చున్నాననీ అన్నాడు. రచయితలు ఇలాంటివి చెప్పుకోవడం మామూలే. కానీ ఈయన విషయంలో నాకు నమ్మబుద్ధి అవుతుంది.

ఎవరి కోసం రాశాడు?

ఆ డిసెంబరు 29 రాత్రి, బయట మూడడుగుల మంచు పడి ఉండగా, పెద్దకూతురు జోసెఫిన్ పుట్టింది. తండ్రి పుట్టినరోజు 30న, తల్లిది 31న. ముగ్గురివీ వరసగా వచ్చాయని కిప్లింగ్ మురిసిపోయాడు. పుస్తకం అచ్చయ్యాక ఒక ప్రతి మీద, ఇది జోసెఫిన్ కిప్లింగ్‌ది, వాళ్ళ నాన్న రాసింది ఈమె కోసమే అని తన చేత్తో రాసి, 1894 మే అని తేదీ వేశాడు. ఆ ప్రతి ఇంగ్లండ్‌లో కిప్లింగ్ రెండో కూతురు ఎల్సీ ఉన్న వింపోల్ హాల్ లైబ్రరీలో, 2010లో బయటపడింది.

జోసెఫిన్ ఆరేళ్ళకే పోయింది. 1899లో న్యూయార్క్ వచ్చినప్పుడు తండ్రికీ కూతురికీ ఇద్దరికీ న్యుమోనియా చేసింది. ఆయన బతికాడు.

కిప్లింగ్ సివనీ వెళ్ళాడా?

వెళ్ళలేదు. కథ జరిగేది ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండల్లో. ఆ జిల్లాలో ఆయన అడుగు పెట్టలేదు. లాహోర్‌లోనూ అలహాబాద్‌లోనూ పత్రికల్లో పనిచేశాడు, సిమ్లా వెళ్ళాడు, రాజస్థాన్ తిరిగాడు. 1889లో దేశం వదిలాడు. 1891 చివర్లో ఒకసారి తల్లిదండ్రుల్ని చూడ్డానికి వచ్చి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆ ఆఖరి ప్రయాణంలో దక్షిణపు కొస నుంచి లాహోర్‌దాకా నాలుగు పగళ్ళూ నాలుగు రాత్రులూ రైల్లో కూర్చున్నాడు. చుట్టూ జనం మాట్లాడుకునేది ఒక్క ముక్క అర్థం కాలేదని రాసుకున్నాడు. హిందుస్తానీ మాతృభాషలా వచ్చినవాడికి మన దక్షిణాదిలో అదీ పరిస్థితి.

రాతప్రతిలో మొదట కథా స్థలం సివనీ కాదు. మేవాడ్‌లోని ఆరావళి కొండలు. తర్వాత మార్చాడు. ఆ పాత ఆనవాలు పుస్తకంలో ఇంకా ఉంది. నల్ల చిరుత బఘీరా తాను ఉదయపూర్ రాజుగారి బోనులో పుట్టానని చెప్తుంది కదా, అక్కడ. మౌగ్లీని కోతులు ఎత్తుకుపోయిన పాడుబడ్డ నగరం కూడా సివనీ అడవిలో లేదు. కిప్లింగ్ 1887లో తిరిగి చూసిన చిత్తోడ్, ఆమేర్ లాంటి కోటల నీడ అందులో ఉందని పండితులంటారు. రాజస్థాన్ వైపు పాడుబడ్డ కోటలో పట్టపగలు కోతుల గుంపు మధ్య ఒక్కసారి నిలబడితే ఆ అధ్యాయం ఎలా వచ్చిందో ఎవరికైనా తెలిసిపోతుంది.

చూడకుండా అంత కచ్చితంగా ఎలా రాశాడు?

అడిగీ, చదివీ. రాబర్ట్ స్టెర్న్‌డేల్ అనే అధికారి సాత్పురా కొండల్లో విడిది చేసిన రోజుల గురించి 1877లో సివనీ పేరుతోనే పుస్తకం వేశాడు. మన దేశపు జంతువుల గురించి 1884లో ఇంకోటి. వీటి మీద కిప్లింగ్ బాగా ఆధారపడ్డాడు. ఇంట్లో తండ్రి ఉండనే ఉన్నాడు. లాహోర్ మ్యూజియం క్యూరేటరు ఆయన. జంగిల్ బుక్‌లో కొన్ని బొమ్మలు కూడా ఆయన గీసినవే.

అయితే చదివినది చదివినట్టు దించడం వేరు, కథలో పడేయడం వేరు. కరువు వచ్చిన ఏడు అడవి ఎలా ఉందో చెప్పాలి. వానలు లేవు, చెరువులు ఎండాయి అని మనమైతే రాస్తాం. కిప్లింగ్ అక్కడితో ఆగడు, ఎలుగు భాలూకి ఇష్టమైన ఇప్పచెట్టు ఆ ఏడాది పూయలేదంటాడు. ఆదిలాబాద్ వైపు అడవి ఊళ్ళవాళ్ళకి ఈ మాట ఎవరూ వివరించక్కర్లేదు. ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపూలు ఏరడానికి వెళ్తే ఎలుగు ఎదురవుతుందని వాళ్ళ భయం.

ఇంకోటి, షేర్ ఖాన్ చావు. పులి తిరిగొస్తే ఒక గుర్తు పెట్టుకుంటారు మౌగ్లీ, తోడేలన్న. మైదానం మధ్య వాగు దగ్గర, మోదుగు చెట్టు కింద కలవాలి. ఆ రోజు వచ్చేసరికి చెట్టు నిండా బంగారం కలిసిన ఎర్ర పూలు. అంటే హోలీ ముందు రోజులన్నమాట. నెల పేరు చెప్పకుండా చెప్పేశాడు. ఆ వాగులోకే రెండు వైపుల నుంచీ గేదెల్ని తోలి పులిని తొక్కించి చంపిస్తాడు మౌగ్లీ. ఈ ఘట్టం చదువుతుంటే, గేదెలు కాసిన అనుభవం ఉన్న మా వాచ్‌మన్ మధ్యలో ఆపి, "దూడలు పక్కనుంటేనే తల్లులు అట్లా ఎగబడతాయి సార్" అన్నాడు. పుస్తకంలో తోడేళ్ళ నాయకుడు అకేలా చేసేది సరిగ్గా అదే. గేదెల్నీ దూడల్నీ ఒక వైపు, దున్నల్నీ దుక్కి దున్నేవాటినీ ఒక వైపు విడదీస్తుంది.

పేర్లకి అర్థాలు ఉన్నాయా?

చాలావాటికి ఉన్నాయి, హిందీ తెలిస్తే తేలిపోతాయి. భాలూ అంటే ఎలుగు, హాథీ అంటే ఏనుగు, అకేలా అంటే ఒంటరి. తబాకీ అంటే పళ్ళేలు నాకేవాడు, ఎంగిలిమెతుకుల మనిషి. నక్కకి ఇంతకంటే మంచి పేరు దొరకదు. కా అనేది కొండచిలువ బుస నుంచి పుట్టించిన పేరు.

మౌగ్లీ అంటే మాత్రం ఏమీ కాదు. కథలో తల్లి తోడేలు వాణ్ణి కప్ప అని ముద్దుగా పిలుస్తుంది కాబట్టి ఆ మాటకి ఏదో అడవి భాషలో కప్ప అని అర్థమని కొన్ని పుస్తకాలు రాసేశాయి. అది నేను కల్పించిన పేరు, నాకు తెలిసిన ఏ భాషలోనూ దానికి కప్ప అనే అర్థం లేదని కిప్లింగే చెప్పాడు.

జంతువుల విషయంలో తప్పులున్నాయా?

ఉన్నాయి. తోడేళ్ళు ఎక్కువగా ఉండేది చిట్టడవుల్లో, గడ్డి మైదానాల్లో. మన అనంతపురం, కర్నూలు మెట్టల్లాంటి చోట్ల. సివనీ లాంటి దట్టమైన అడవి వాటి సొంత ఇల్లు కాదు. భాలూని గోధుమరంగు ఎలుగు అన్నాడు. ఆ రంగు జాతి హిమాలయాల్లో ఉంటుంది. తేనె, ఇప్పపూలు తినే మధ్యభారతపు ఎలుగు నల్లటిది. బఘీరా వేరే జాతి కాదు, నల్లగా పుట్టిన చిరుతపులే.

షేర్ ఖాన్ మాత్రం భేషుగ్గా కుదిరాడు. పుట్టు కుంటివాడు కాబట్టి జింకల్ని పట్టలేక పశువుల మీద పడతాడు. కాలు దెబ్బతిన్న పులులు ఊళ్ళ మీదికి రావడం వేటగాళ్ళందరూ చెప్పిన విషయమే. వాడి తల మీద సర్కారు వంద రూపాయలు ప్రకటించింది. వేటగాడు బల్‌దేవ్ ఆ వందలో ఒక్క రూపాయి నీకిస్తాలే అని మౌగ్లీతో బేరమాడతాడు.

జంగిల్ బుక్‌లోని రిక్కీ టిక్కీ అనే ముంగిస కథ మన పంచతంత్రం నుంచి తీసిందేనా?

పాముని చంపి పసివాణ్ణి కాపాడిన ముంగిస, మూతికి నెత్తురు చూసి దాన్ని తొందరపడి చంపేసిన తల్లి. పంచతంత్రంలోని ఈ కథ మనకి తెలుగు వాచకాల నుంచీ తెలుసు. కిప్లింగ్‌కీ తెలిసే ఉంటుంది. కానీ ఆయన ముంగిస చావదు, కథ అంతా దాని పక్షమే. బిహార్‌లోని సుగౌలీ కంటోన్మెంట్ బంగళాలో జరిగినట్టు రాశాడు. స్టెర్న్‌డేల్ పెంచుకున్న ముంగిస గురించి రాసినది కూడా దీనికి పనికొచ్చిందంటారు. నా దగ్గరికొచ్చే పిల్లలకి రెండు కథలూ పక్కపక్కనే చెప్తే ఓటు ఎప్పుడూ రిక్కీకే పడుతుంది.

అడవి చట్టం ఎక్కడిది?

సొంతంగా అల్లుకున్నదే. ఒకామె అడిగితే 1895లో రాసిన ఉత్తరంలో, అవసరాన్నిబట్టి తయారుచేశాననీ, వేట పంచుకునే పద్ధతి కొంత ఎస్కిమోల కట్టుబాట్ల నుంచి తీసుకున్నాననీ ఒప్పుకున్నాడు. ఎవరెవరి కథల్లోంచి కొట్టేశానో ఇప్పుడు గుర్తులేదని కూడా అదే ఉత్తరంలో అన్నాడు. ఇంత నిజాయితీ మన సినిమా రచయితల దగ్గర కూడా చూడలేదు. బేడెన్ పావెల్ 1916లో చిన్నపిల్లల స్కౌట్ దళం పెట్టినప్పుడు ఈ తోడేళ్ళ గుంపునే నమూనాగా తీసుకున్నాడు. మన బళ్ళలో కబ్స్ అంటున్నది దాన్నే.

సినిమాలో ఉన్న కోతిరాజు పుస్తకంలో ఎందుకు లేడు?

మన దేశంలో ఒరాంగుటాన్‌లు లేవు కాబట్టి. ఆ రాజుని 1967 డిస్నీ సినిమా కల్పించింది. అసలు కథలో బందర్‌లోగ్‌కి రాజూ లేడు, చట్టమూ లేదు, ఏ పనీ పూర్తిచేయరు. కొండచిలువ కా కూడా సినిమాలో దుర్మార్గుడు. పుస్తకంలో మౌగ్లీని రక్షించిన పెద్దమనిషి. తొంభైల్లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్ ముందు కూర్చున్నవాళ్ళకి ఇంకో మౌగ్లీ ఉన్నాడు. అది జపాన్‌లో తీసిన బొమ్మల సీరియల్. ఊరంతా హిందీ పాట పాడుకున్నాం గానీ, అది జపాన్‌దని చాలామందికి ఇప్పటికీ తెలియదు.

కిప్లింగ్ సామ్రాజ్యవాది కదా, పిల్లలకి చదివించవచ్చా?

సామ్రాజ్యవాదే, అనుమానం లేదు. ఈ పుస్తకంలోనూ కనిపిస్తుంది. ఊరివాళ్ళు మూఢులు, ఆశపోతులు. మెస్సువానీ మొగుణ్ణీ మంత్రగాళ్ళని కాల్చబోతే, వాళ్ళు పారిపోయేది కానీవాడాలో ఉన్న ఇంగ్లిష్ దొరల దగ్గరికి. నేను అక్కడ ఆగి పిల్లలతో మాట్లాడతాను, దాటేయను.

దానితోపాటు ఇంకొకటీ చెప్తాను. బొంబాయిలో ఆయాతో, నౌకరుతో హిందుస్తానీలో కలలు కన్న పిల్లవాణ్ణి అయిదేళ్ళప్పుడు ఇంగ్లండ్ తీసుకెళ్ళి, పరాయి ఇంట్లో వదిలేసి వచ్చారు తల్లిదండ్రులు. ఆ ఇంటావిడ పెట్టిన బాధలు ఆయన జన్మలో మరిచిపోలేదు. అడవి పొమ్మన్నది, ఊరు రావద్దన్నది అని మౌగ్లీ పాడుకునే పాట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, నాకు సనీచర్ గుహ కంటే ఆ ఇల్లే గుర్తొస్తుంది.

ఆ అడవి చూడాలంటే?

హైదరాబాద్ నుంచి నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా సివనీకే వెళ్తుంది. దారిలో పెంచ్ అభయారణ్యం వస్తుంది. అక్కడ రోడ్డుని స్తంభాల మీద లేపి, కింద నుంచి జంతువులు దాటడానికి ఖాళీ వదిలారు. పులులు కింద నుంచి దాటుతుంటే కెమెరాలకి చిక్కాయి. ఎనిమిది కాన్పుల్లో 29 పిల్లల్ని కన్న కాలర్‌వాలీ అనే పులి ఇక్కడిదే, 2022 జనవరిలో పోయింది. వానాకాలం మూడు నెలలూ లోపలి అడవిలో సఫారీలు ఉండవు. మోదుగులు చూడాలంటే మార్చిలో వెళ్ళండి. గైడు మౌగ్లీ దొరికిన ఊరని చూపించినా, 1831లో పట్టుకున్న తోడేలు పిల్లవాడి కథ చెప్పినా ఆనందంగా వినండి. పైన ఇంత రాసిన నేనే విన్నాను.

మన తెలుగు నేలతో ఏమైనా సంబంధం ఉందా?

నీళ్ళ సంబంధం ఉంది. మౌగ్లీ ఈదిన వైన్‌గంగ సివనీ జిల్లాలోనే పుడుతుంది. మహారాష్ట్ర మీదుగా దిగి, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా సరిహద్దులో తుమ్మిడిహట్టి దగ్గర వార్ధాతో కలుస్తుంది. అక్కణ్ణుంచి దాని పేరు ప్రాణహిత. కాళేశ్వరంలో గోదావరి. 2022లో ప్రాణహిత పుష్కరాలకి వెళ్ళినవాళ్ళు మునిగింది, సగం, మౌగ్లీ నదిలోనే.

ఇంతకీ మౌగ్లీకి చివరికి ఏమైంది?

పెద్దయ్యాక గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. నిజంగా! జంగిల్ బుక్ కంటే ముందే రాశాడన్నానే, ఆ అటవీశాఖ కథలోనిదే ఇదంతా. అది 1893లో అచ్చయింది. అందులో మౌగ్లీ యువకుడు. గిస్‌బోర్న్ అనే ఫారెస్టు అధికారికి అడవిలో ఎదురవుతాడు. పై అధికారి ముల్లర్ జర్మన్. అప్పటి మన అటవీశాఖని వరసగా ముగ్గురు జర్మన్లు నడిపారు కాబట్టి అది కల్పన అనిపించదు. ఆ ముల్లర్ వీణ్ణి చూడగానే సంగతి కనిపెట్టి, ఫారెస్టు గార్డు ఉద్యోగం ఇస్తాడు, పెన్షన్‌తో సహా. గిస్‌బోర్న్ వంటింటి పెద్ద అబ్దుల్ గఫూర్ కూతుర్ని మౌగ్లీ పెళ్ళాడతాడు.

కొన్నాళ్ళకి గిస్‌బోర్న్, ముల్లర్ అడవిలో గుర్రాల మీద వెళ్తుంటే, పొద నీడన దిసమొలతో ఒక పసివాడు కనిపిస్తాడు. వాడి వెనక ఆకుల్లోంచి తోడేలు తల కనిపిస్తుంది. ముల్లర్ తుపాకీ ఎత్తుతాడు. గిస్‌బోర్న్ దాన్ని పైకి కొట్టేస్తాడు, గుండు కొమ్మల్లోకి పోతుంది. ఆకులు తప్పించుకుని వాళ్ళమ్మ వస్తుంది, పిల్లాణ్ణి తీసుకుపోవడానికి.

ఇది జంగిల్ బుక్‌లో ఉండదు. వేరే సంపుటంలో ఉంది, వెతుక్కోవాలి.